నడిచిన బురుజు

పాన్‌గల్ బస్టాండులో చాయ్ ఇప్పుడు ప్లాస్టిక్ కప్పులో ఇస్తున్నారు. వేడి చాయ్ పడగానే కప్పు నడుం వంచుతుంది. పైన పట్టుకుంటే ఒలుకుతుంది, కింద పట్టుకుంటే వేళ్లు కాలుతాయి. గాజు గ్లాసులు ఏమయ్యాయని అడిగితే, కడిగేవాళ్లు దొరకడం లేదన్నాడు హోటలాయన. దొరకక కాదు, బద్ధకమని నేనన్నాను. బస్సు వచ్చేదాకా వాదించుకున్నాం. బస్సెక్కి కూడా కిటికీలోంచి ఒక మాట అన్నాను.

ఇలాంటి సంగతుల్లో తప్పు ఎవరిదో తేల్చేదాకా నేను వదలను. ఒక్క సంగతిలో మాత్రం మొన్నటిదాకా, ఏడెనిమిదేళ్లు, నోరు విప్పలేదు. అందులో తేల్చడానికి ఏమీ లేదు. తప్పు నాది. ఎవరికీ తెలియదు గనక కాలం గడిచేకొద్దీ అది తేలిక కావాలి. నేనూ అదే నమ్ముకున్నాను. కానీ నానిన వలలాగా అది ఏటేటా బరువెక్కింది. ఇక మీ ముందు గుమ్మరిస్తున్నాను. మధ్యలో నవ్విస్తే క్షమించండి. అది నా అలవాటు. ఆ అలవాటుకు కూడా ఇందులో భాగం ఉంది.

మా పాలమూరు జిల్లాకు సముద్రం లేదు. నీళ్లు లేవని మా పెద్దలు మొత్తుకోగా మొత్తుకోగా నీళ్లు వచ్చాయి. పొలాల మీదికి కాదు, ఊళ్ల మీదికి. దిగువన కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేచింది. నీళ్లు వెనక్కి వెనక్కి జరిగి కొల్లాపూర్ దిక్కున మా పాత ఊరిని కప్పేశాయి. నేనప్పుడు పలక పట్టే వయసులో ఉన్నాను. కొత్త ఊరు మిట్ట మీద లేచింది. పాత ఊరు నీళ్ల కింద అలాగే ఉండిపోయింది, మొండి గోడలతో, చావడితో, నడిమధ్య రాతి బురుజుతో. ఆ తర్వాత మేము కొత్త ఊళ్లో ఓటు వేసేవాళ్లం, పాత ఊళ్లో వల వేసేవాళ్లం.

వనపర్తిలో బీయస్సీ చదివాను. ఉద్యోగం కోసం ఎదురు చూశాను. ఉద్యోగం అంత ఆత్రపడలేదు. నాయన పుట్టి ఖాళీగా ఉంది. పుట్టి అంటే వెదురుతో అల్లి, కింద ప్లాస్టిక్ పట్టాలు తొడిగి తారు పూసిన గుండ్రటి పడవ. అది సూటిగా పోవడం కంటే గుండ్రంగా తిరగడానికే ఇష్టపడుతుంది. డిగ్రీ చదివినవాడికి అంతకన్నా తగిన వాహనం ఏముంటుంది? ఎక్కాను.

మునిగిన ఊరి మీద చేపలు పట్టడం కాలాన్ని బట్టి ఉంటుంది. ఎండకాలంలో నీళ్లు దిగుతాయి. కరువు ముదిరిన ఏడు గోడలు బయటపడతాయి, బురుజు నెత్తి కనిపిస్తుంది. ముసలివాళ్లు ఒడ్డుకు వచ్చి ఇది మా వాకిలి, అది మీ పశువుల కొట్టం అని చూపించుకుంటారు. వానకాలంలో ఎర్రనీళ్లు వస్తాయి. చేప ఎదురెక్కి పోతుంది. కొట్టుకొచ్చే చెట్ల మొద్దులకు భయపడి మేమెవరం లోపలికి పోము. వరద తగ్గి నీళ్లు తేటబడ్డాక చలికాలం వస్తుంది. అదీ మాకు అసలు పంట. మునిగిన రాళ్లకు పాచి పడుతుంది. పాచి కోసం చిన్న చేప వస్తుంది, దాని కోసం పెద్ద చేప వస్తుంది. ఖాళీ బురద మీద వల వేస్తే కూరకు వస్తుంది. గోడ పక్కన వేస్తే సంతకు వస్తుంది. గోడ మీదే వేస్తే మాత్రం వల ఇంటికి రాదు. రాళ్లు పట్టుకుని వదలవు.

అందుకే మా ఒడ్డున ఒక కట్టుబాటు ఉంది. నీళ్ల కింద గోడ ఎవరికి తగిలినా, తాడు ఒక కొసకు రాయి, ఇంకో కొసకు ఖాళీ నూనె డబ్బా కట్టి అక్కడ వదలాలి. డబ్బా తేలుతూ ఉంటుంది. ఇక్కడ గోడ ఉంది, వల జాగ్రత్త అని చెబుతుంది. అదే నోటితో ఇక్కడ చేప ఉందని కూడా చెబుతుంది. మీకు అర్థమయ్యే ఉంటుంది. డబ్బా కట్టినవాడు నలుగురి వలలు కాపాడతాడు, తన చోటు నలుగురికి పంచుతాడు. ఒకటి చేసి ఇంకొకటి మానడం కుదరదు. కట్టిన డబ్బాను వరద తెంచవచ్చు గాని మనిషి ముట్టుకోకూడదు. ఒడ్డు మీద కొట్టుకున్నవాళ్లు ఉన్నారు, ఒకరి భార్యను ఒకరు తీసుకుపోయినవాళ్లు కూడా ఉన్నారు. డబ్బా ముట్టుకున్నవాడు మాత్రం లేడు.

ఇప్పుడు దానేలు గురించి చెప్పాలి.

దానేలన్న నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్లది తాతల నుంచి కూలి చేసుకునే ఇల్లు. పాత ఊరు మునిగినప్పుడు మునగడానికి వాళ్లకు సెంటు భూమి కూడా లేదు. పెళ్లయిన కొత్తలోనే కూలీలను తోలుకుపోయే గుంపు మేస్త్రితో బొంబాయి పోయాడు. అక్కడ సముద్రపు పాయ మీద వంతెనకు స్తంభాలు పోసే పని. చాలా ఏళ్లు అక్కడే చేశాడు. ఆయన చెప్పేది వింటే ఆ వంతెన సగం దానేలు భుజాల మీదే నిలబడిందేమో అనిపించేది. తగ్గి మాట్లాడే మనిషి కాదు. తిరిగొచ్చి, ఇక పోనని, నీళ్ల మీదే బతుకుతానని అన్నప్పుడు మావాళ్లు నవ్వారు. తెడ్డు పట్టడం తాతల నుంచి రావాలని మావాళ్ల నమ్మకం.

“నవ్వుండ్రి, నవ్వుండ్రి,” అనేవాడు బీడీ ముట్టించుకుంటూ. “ఉప్పునీళ్లల్ల స్తంభం లేస్తే ఆర్నెల్లకు దాని చుట్టు చేప లేస్తది. ఆడ చేపలు పట్టే కోలీలు కాలం చూసి గాలం ఇడుస్తరు. వానల్ల చేప స్తంభానికి దూరం తిరుగుతది, సలిల దగ్గరికొచ్చి ఆనుకుంటది. ఆనుకునేందుకు మనిషికైనా, చేపకైనా గోడ కావాలె. సముద్రమైతేంది, కృష్ణ అయితేంది?”

ఆ ఎండకాలమంతా ఆయనా, ఆయన భార్య మార్తమ్మా ఇంటి ముందు వేపకొమ్మకు దారం కట్టి వల అల్లారు. మార్తమ్మ చేయి ఆగేది కాదు. పక్కన వాళ్ల పిల్ల ఆడుకుంటూ ఉండేది. ఒకసారి అటు పోతూ, “వదినా, ఇంత పెద్ద వల ఎవరికి? తిమింగలానికా?” అన్నాను. “మీ అన్నకే తమ్మీ,” అంది. “ఈ వలల పడి ఊర్లనే ఉండాలె. మల్ల మేస్త్రి చేతికి చిక్కొద్దు.” ఆ మాటకు నేను కూడా నవ్వాను. బాగుందని మనసులో అనుకున్నాను. ఆ వల ఏమిటో నాకు తెలుసని మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను. తెలియక చేశాననే దారి నాకు లేదు.

దానేలు పద్ధతి వేరు. గోడ పక్కన వేయడు. గోడ చుట్టూ వల పొడవంత దూరం విడిచి, వంపుగా వేస్తాడు. సాయంత్రం మేతకు బయటికి పోయిన చేప, తెల్లవారుజామున గోడకు తిరిగి వచ్చేటప్పుడు అందులో పడుతుంది. బొంబాయి విద్య. దానికి గోడ ఎక్కడుందో సరిగ్గా తెలియాలి. అంటే డబ్బా సరిగ్గా ఉండాలి.

ఆ ఏడు వరద బురుజు మీది డబ్బాను తెంచుకుపోయింది. నీళ్లు తేటబడ్డాక అందరమూ తాడుకు ఇనుప గుండు కట్టి వెతికాం. నాకు దొరికింది. మధ్యాహ్నం వేళ ఒంటరిగా ఉన్నాను. బురదలో అయితే గుండు మెత్తగా కూర్చుంటుంది. ఇది ఠంగుమంది. ఆ తాకిడి తాడు వెంట అరచేతికి వచ్చింది. పుట్టి చుట్టూ నీళ్లలో నీడలు కదులుతున్నాయి. బొచ్చె చేపలు. ఒక్కొక్కటి చంటిపిల్లంత.

డబ్బా, తాడు, రాయి పుట్టిలోనే ఉన్నాయి. కట్టాలి. కట్టకపోతే ఏమవుతుంది? కట్టలేదంటారు. కడితే? రేపటికి పది పుట్లు వస్తాయి. నేను బీయస్సీ చదివినవాణ్ణి. రెండింటికీ మధ్య దారి ఉంటుందని నాకు నేర్పారు. తెడ్డు వేసుకుంటూ పక్కకు పోయాను. ఒక పెద్ద వల పొడవంత దూరం. కింద ఒట్టి బురద. అక్కడ డబ్బా వదిలాను. ఒడ్డుకు వచ్చి బురుజు దొరికింది, డబ్బా కట్టానని చెప్పాను. మా ఈరన్న చిన్నాయన ఒడ్డు మీద పెద్దమనిషి. ఆయన నా భుజం తట్టి, సదువుకున్నోడు గిట్లుండాలె అన్నాడు. అందరూ డబ్బా చుట్టూ ఉన్న ఒట్టి బురద మీద వలలు వేసి, ఈ ఏడు బురుజుకు చేప ఆనలేదని ఆశ్చర్యపోయారు. నేనూ వాళ్లతో పాటు ఆశ్చర్యపోయాను. నా ఆశ్చర్యం అందరికంటే నమ్మదగినదిగా ఉండేది.

నా గాలానికి మాత్రం రోజూ పడేవి. అదృష్టమన్నారు. నేను కాదనలేదు.

ఎవరి వలకూ దెబ్బ తగలదనుకున్నాను అని ఇక్కడ రాయాలని ఉంది. రాసి, కొట్టేశాను. డబ్బాకు దూరంగా బురుజు ఉన్నప్పుడు, డబ్బాకు దూరంగా వల వేసే మనిషి ఒడ్డున ఒక్కడే ఉన్నాడు. ఆ సంగతి నాకు తట్టింది. ఒక్క క్షణం. తట్టిన తర్వాత ఏం చేశాను? గాలానికి ఎర గుచ్చుకున్నాను. అది పెద్ద పాపంలా అనిపించలేదు. పనిలో ఉన్నవాడికి పాపం పాపంలా అనిపించదు, పనిలో భాగంలా అనిపిస్తుంది.

దానేలు తన కొత్త వలను మొదట చిన్న చిన్న గోడల దగ్గర వేశాడు. బాగా పడ్డాయి. మావాళ్లు నవ్వడం తగ్గించారు. ఆ ధైర్యంతో ఒక సాయంత్రం బురుజు దగ్గరికి పోయాడు. డబ్బా నుంచి తన లెక్క ప్రకారం దూరం జరిగి, వంపుగా వేశాడు. వల సరిగ్గా బురుజు మీద కూర్చుంది.

పొద్దున మేము ఒడ్డుకు పోయేసరికి ఆయన మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. చేతిలో పైతాడు, దానికి రెండు జానల వల. మిగిలింది లేదు. లాగితే పుట్టి మునగబోయిందట. కోసుకుని వచ్చాడు. అరచేతులు తాడుకు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. మార్తమ్మ ఒడ్డు మీద కూలబడి ఉంది. ఏడవడం లేదు. పొయ్యి మీద ఏదో మరిచిపోయి వచ్చినదానిలా చూస్తోంది.

“డబ్బా కాడ బురుజు లేదు,” అన్నాడు దానేలు. “నేను ఏసిన కాడున్నది. డబ్బా తప్పున్నది.”

“డబ్బా ఎట్ల తప్పుంటది రా?” అన్నాడు చిన్నాయన. “సరే, పొద్దు ఎక్కింది, ఇయ్యాల సంత. రేపు పొద్దుగాల అందరం పోయి గుండు ఏసి సూద్దాం.”

ఒకరోజు గడువు దొరికింది. ఆ రోజు నేను చెప్పి ఉండవచ్చు. తప్పు కట్టానన్నా సరిపోయేది, పొరపాటు అని. పొరపాటు అని అబద్ధం చెప్పినా ఆయన పరువైనా దక్కేది. మధ్యాహ్నం ఊరు సంతకు పోయింది. ఒడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు. పుట్టి వేసుకుని పోయాను. తాడు లాగి, రాయి పైకి తీసి, డబ్బాను తెచ్చి బురుజు మీద వదిలాను. పట్టుమని బీడీ కాలేంత సేపు పట్టలేదు. మా ఒడ్డున డబ్బాను ముట్టుకున్న మనిషి లేడని ఇందాక చెప్పాను కదా. ఒకడు ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే నాలుగైదు పుట్లలో పోయాం. చిన్నాయన డబ్బా పక్కన గుండు వదిలాడు. ఠంగుమంది. మళ్లీ వదిలాడు. ఠంగుమంది. తాడును కొంచెం కదిలించి పైకి లాగితే గుండుకు చిక్కుకుని వల ముక్క వచ్చింది. మార్తమ్మ అల్లిన దారం. నీలిది.

“ఓరి నీ,” అన్నాడు చిన్నాయన. “డబ్బా కిందనే ఏసినవు గద రా వల!”

“లేదు కాకా. నిన్న డబ్బా ఈడ లేకుండె. నా కండ్ల తోటి సూసిన. ఎవరన్న జరిపిండ్రు.”

పుట్లలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి దానేలు వైపు తిరిగారు. డబ్బా జరపడమనే మాటే ఎవరూ విననిది. ఆ మాట నా మీదికి తిరుగుతుందని భయపడ్డానా? ఎవరూ నా వైపు చూడనైనా లేదు. అయినా నోరు తెరిచాను. నాకు చేతనైంది అదొక్కటే.

“డబ్బా ఈడనే ఉన్నదన్నా,” అన్నాను. “బురుజే నడుసుకుంట నీ వల కాడికొచ్చి, మల్ల ఇంటికి పోయినట్లున్నది.”

ఎంత నవ్వారో! ఒకాయన తెడ్డు వదిలేసి పొట్ట పట్టుకున్నాడు. చిన్నాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నీళ్ల మీద నవ్వు చాలా దూరం పోతుంది. ఒడ్డున నిలబడ్డ మార్తమ్మ దాకా పోయి ఉంటుంది.

ఒడ్డుకు చేరాక అందరూ వెళ్లిపోయారు. దానేలు నా పుట్టి దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది.

“తమ్మీ, నువ్వు సదువుకున్నోనివి. నిజం చెప్పు. నా కండ్లల్ల ఏమన్న తప్పున్నదా?”

“ఏం లేదన్నా. పొద్దుగూకంగ నీళ్ల మీద ఎండ కొడితే దూరం దగ్గర లెక్క, దగ్గర దూరం లెక్క అనిపిస్తది.”

“మొన్న పోయినప్పుడే నాకు అనుమానమొచ్చింది. కొండ ఆడున్నది, మిట్ట ఈడున్నది, బురుజు ఈ దిక్కుండాలె గద అనుకున్న. కాని డబ్బా కట్టింది నువ్వు. అందుకే నా కండ్లను నమ్మలే.”

“అట్లనా,” అన్నాను.

“అగో, గదీ సంగతి. నిన్ను నమ్మితే కూడ వల పాయె. అంటే నాకే తెల్వలే.” నీళ్ల వైపు చూశాడు. “బొంబాయిల నీళ్లు తెలిసినయి గాని ఈడివి తెలిసినట్లు లేదు.”

ఆయన నా భుజం మీద చేయి వేసి, జరిగిన దానికి నన్ను ఓదారుస్తున్నట్టుగా తట్టి పోయాడు. ఆ చేయి ఒరుసుకుపోయి ఉంది, గరుకుగా ఉంది. చిన్నాయన తట్టిన భుజమే అది. ఆ రెండింటినీ నేను ఉంచుకున్నాను.

తర్వాత జరిగింది చిన్న కథ. పేరు పడింది, బురుజు దానేలు అని. చాయ్ కాడ, సంత కాడ, “ఏం దానేలూ, ఇయ్యాల బురుజు యాడిదాక వచ్చింది?” అనేవాళ్లు. మంచివాళ్లు కూడా అనేవాళ్లు. అందులో పగ ఏమీ లేదు, బాగా కుదిరిన మాట, అంతే. నా మాటలు బాగా కుదురుతాయని పేరుంది. ఆయన మొదట్లో తిరిగి ఏదో ఒకటి అనేవాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఒడ్డుకు రావడం మానేశాడు. వల పోయినవాణ్ణి తమ పుట్టి మీద ఎక్కించుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. డబ్బా కిందే వల వేసేవాడితో ఎవరు పోతారు? ఎండలు ముదరకముందే గుంపు మేస్త్రి వచ్చాడు. ఈసారి పుణె. దానేలు మూట కట్టుకుని లారీ ఎక్కాడు. నేను అప్పుడు ఒడ్డు మీద వల ఆరేస్తున్నాను. లారీ రోడ్డు మీదుగా పోవడం కనిపించింది. వల బాగా ఆరింది.

మరుసటి ఏడు నాకు బళ్లో విద్యా వాలంటీరుగా అవకాశం వచ్చింది. పుట్టి అమ్మేశాను. దానేలు కూతురు మూడో తరగతి, నా దగ్గరే. ఒకరోజు పిల్లలు ఆ పిల్లను చుట్టుముట్టి, బురుజు పిల్లా, బురుజు పిల్లా అని చప్పట్లు కొడుతున్నారు. నేను వాళ్లను గట్టిగా మందలించాను. ఎదుటివాళ్లకు పేర్లు పెట్టి నవ్వడం ఎంత తప్పో అరగంట చెప్పాను. మంచి పాఠమే. ఆ పిల్ల నన్ను చూసిన చూపులో కృతజ్ఞత ఉంది. ఆ చూపు నుంచి తప్పించుకోవడానికి నల్లబల్ల వైపు తిరిగి, తుడిచిన దాన్నే మళ్లీ తుడిచాను.

ఎందుకు చేశానని ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. చేపల కోసమా? ఆ చలికాలం నేను పట్టిన చేపలు ఇప్పుడు ఏమయ్యాయో నాకే గుర్తు లేదు. డబ్బా పక్కకు కట్టింది ఆశతో అనుకుందాం. ఆశ అందరికీ ఉంటుంది. మళ్లీ తెచ్చి పెట్టింది భయంతో. భయమూ అందరికీ ఉంటుంది. ఆ మాట? ఆ మాట ఎందుకు అన్నాను? అప్పటికి నేను తప్పించుకునే ఉన్నాను. గుండు మోగింది, వల ముక్క దొరికింది, నన్ను ఎవరూ అనుమానించలేదు. నోరు మూసుకుంటే సరిపోయేది. వల పోగొట్టుకున్నవాడిగా ఆయన మిగిలేవాడు. ఇంకో వల అల్లుకునేవాడేమో. కళ్లు పోగొట్టుకున్నవాడిగా చేసింది నా మాట. అంటే నవ్వు వస్తుందని తెలుసు. అంతే అయి ఉంటుంది. అంత చిన్న కారణం కావడమే నాకు మింగుడు పడదు.

కురుమూర్తి జాతరకు పోయి గుండు కొట్టించుకున్నాను ఒక ఏడు. వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. ఆ సంగతీ మళ్లీ వచ్చింది.

నాకు తర్వాత అచ్చంపేట దిక్కు పక్కా ఉద్యోగం దొరికింది. దానేలు ఇంకా పుణెలోనే ఉన్నాడు. కడుతున్న మేడలకు వాచ్‌మన్. క్రిస్మస్‌కు వస్తాడు. వచ్చినప్పుడు ఒడ్డుకు పోడని, చేప కూడా తినడని విన్నాను. రెండోది నిజం కాదేమో. మొదటిది నేను చూశాను. రోడ్డు మీద నిలబడి నీళ్లను చూసి, కళ్లు నులుముకుని తిరిగి పోయాడు.

మొన్న, చాయ్ గొడవ జరిగిన రోజునే, నేను పాన్‌గల్ పోయింది సంతలో మార్తమ్మను కలవడానికి. ఆమె ఇప్పుడు ఎండుచేపలు అమ్ముతుంది. సముద్రం నుంచి లారీల్లో వచ్చే ఉప్పుచేపలు. గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. నేను ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. ఏం కావాలని అడిగింది. ఏం వద్దు వదినా, ఒక మాట చెప్పాలన్నాను. చెప్పాను. బురుజు ఎక్కడ దొరికింది, డబ్బా ఎక్కడ కట్టాను, ఆ సంత రోజు మధ్యాహ్నం ఎక్కడికి పోయాను, అన్నీ వరుసగా. నా జీవితంలో ఒక్క హాస్యం లేకుండా నేను ఇంతసేపు మాట్లాడింది అదే. నడుమ ఎవరో వచ్చి ఎండు నెత్తళ్లు అడిగితే తూచి ఇచ్చింది. నేను ఆగాను. ఇచ్చి నా వైపు తిరిగింది. మళ్లీ మొదలుపెట్టాను.

చెప్పడం అయిపోగానే నాకు ఊపిరి బాగా ఆడింది. ఇది సిగ్గుతోనే రాస్తున్నాను. ఆమె ముఖం మాడిపోయి ఉంది, చేతిలో ఈగలు తోలే కొమ్మ ఆగిపోయింది. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందని అప్పుడు అనిపించింది. భయపడ్డానేమో కూడా.

చాలాసేపటికి కొమ్మ మళ్లీ కదిలింది.

“ఆయన కండ్ల దవాఖానకు పోయిండు,” అంది. “పుణెల. రెండుసార్లు. ఏం లేదన్నరంట.”



“ఇది అందరికి తెల్వాలె వదినా. నేను రాస్త. పేపర్ల ఏస్తరు. ఊరోళ్లు సదువుతరు,” అన్నాను.

“నీ పేరు పెడ్తవా?”

“లేదు. ఉద్యోగముంది గద. పేరు లేకుండనే రాస్త.”

మార్తమ్మ చెదిరిన చేపలను మళ్లీ కుప్పగా చేరుస్తూ, నా వైపు చూడకుండా అంది:

“ఆయన్ను నవ్వినప్పుడు అందరు పేరు పెట్టే నవ్విండ్రు గద సారూ.”